నా నుదుటి మీది పేర్లు

నేను ఒక లారీని. ఈ మధ్య నన్ను చూడవచ్చేవాళ్ళు 'వింటేజ్ ట్రక్కు' అంటున్నారు. అననివ్వండి, వాళ్ళ నోరు వాళ్ళిష్టం. నా కాలంలో మమ్మల్ని లారీ అనేవారు, కోపం వస్తే దరిద్రపు బండి అనేవారు, ముద్దొస్తే నా తల్లీ అనేవారు. ఈ మూడింటిలో దేనికైనా పలుకుతాను. ట్రక్కు అంటే మాత్రం పక్కింటివాళ్ళను పిలుస్తున్నట్టుంటుంది.

ఇప్పటి లారీలను చూశారుగా, ముక్కూ మూతీ ఉండవు, గోడ నడిచి వచ్చినట్టు వస్తాయి. నాకు చక్కగా ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉంది. ఇంజిన్ అందులో ఉంటుంది, డ్రైవరు దాని వెనకాల కూర్చుంటాడు. ఏ ఊరికి వెళ్ళినా ముందు నేను చేరతాను, ఆ తర్వాతే డ్రైవరు చేరతాడు. ఈ మర్యాద ఇప్పటి బండ్లకు తెలియదు.

పుట్టింది ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో. పుట్టానంటే పూర్తిగా పుట్టలేదు. ఇంజిన్, చక్రాలు, వాటి మీద రెండు పొడవాటి ఇనుప దూలాలు, ముందు ఈ మూతి. అంతే. తలుపుల్లేవు, అద్దం లేదు, పైకప్పు లేదు. ఒక సర్దార్జీ నా మీద చెక్కపెట్టె ఒకటి కట్టుకుని, దాని మీద దిండు వేసుకుని, సగం దేశం ఎండలోనూ వానలోనూ తోలి బెజవాడ తెచ్చి పడేశాడు. అక్కడి వడ్రంగులు నాకు టేకుతో క్యాబిన్ కట్టారు, మద్దిచెక్కతో బాడీ కట్టారు. ముందు అద్దానికి పైన, అడ్డంగా, ఒక వెడల్పాటి పలక బిగించారు. ఆ పలకే నా నుదురు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

లారీ నుదురు ఖాళీగా ఉండకూడదు. అది మా లోకంలో ఆచారం. ఓనరు తన పిల్లల పేర్లు అక్కడ రాయించుకోవాలి. మనుషులు తమ నుదుటి రాత ఎవరు రాశారో తెలియక జన్మంతా ఏడుస్తారు. నాది రాసినవాడు మాత్రం రాయడమయ్యాక బ్రష్షులు కడుక్కోవడానికి కిరసనాయిలు అడిగాడు.

మొదటి ఓనరు గన్నవరం బసవయ్య. వడ్ల బస్తాలు తోలించేవాడు. 'రాంబాబు – శేషుబాబు' అని రాయించాడు. అన్న పేరు ముందు ఎందుకుండాలని శేషుబాబు ఒకరోజు బంపరెక్కి, ఇటుకముక్కతో రాంబాబును గీకేశాడు. బసవయ్య వాడి వీపు చిట్లగొట్టి, రాంబాబును మళ్ళీ ఇంకా పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆ అన్నదమ్ములు పెద్దయ్యాక నన్ను పంచుకోలేక అమ్మేశారు. రెండో ఓనరు గుంటూరు మస్తాన్ వలీ. మిర్చి టిక్కీలు, అదే గోనె బస్తాలు, వేసుకుని కలకత్తా దాకా తానే తోలేవాడు. 'షకీలా – జానీ' అని రాయించుకున్నాడు. అద్దం తుడవడం క్లీనరు పని, ఆ పేర్లు తుడవడం మాత్రం తన పని. పరాయి ఊళ్ళో దాబా ముందు కూర్చుని రొట్టె తింటూ, ఆ పేర్ల వంకే చూసేవాడు. మూడోవాడు ఇబ్రహీంపట్నం దగ్గర ఇటుకల బట్టీ దుర్గారావు. ఆయన పిల్లలు స్వప్న, సందీప్.

మనుషుల సంగతి చిత్రంగా ఉంటుంది. నన్ను అమ్మేటప్పుడు దేవుడి పటం జాగ్రత్తగా విప్పుకుంటారు, పిల్లల పేర్లు నాకే వదిలేసిపోతారు. కొత్తగా వచ్చినవాడు వాటి మీద రంగు పూయించి తన పిల్లలను ఎక్కిస్తాడు. అట్లా ఆ పలక మీద ఒకరి మీద ఒకరు ఎందరో పిల్లలు పడుకుని ఉండేవారు. నాకు మాత్రం ఎవరూ బరువనిపించలేదు.

దుర్గారావు దగ్గరే నా ఇంజిన్ పట్టేసింది. బట్టీ పక్కన తుమ్మచెట్టు కింద నన్ను నిలబెట్టి ఆయన వేరే బండి కొనుక్కున్నాడు. ఏళ్ళు గడిచాయి. నా మూతికుండే జాలీని ఎవరో ఊడబీక్కుపోయారు. డ్రైవరు సీట్లో కోడిపెట్ట పొదిగింది. కలకత్తా దాకా పోయొచ్చిన సీటు, చివరికి కోడిపిల్లల పాలైంది. పోనీలెండి, అవి కూడా పిల్లలే అని సరిపెట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడు వీరభద్రం.

వీరభద్రానిది ఏలూరులో కళ్ళజోళ్ళ దుకాణం. ఆవగింజంత స్క్రూలు బిగిస్తూ బతుకు వెళ్ళదీసిన మనిషి. ప్రహరీగోడకు ఇటుకలు బేరమాడదామని బట్టీకి వచ్చి నన్ను చూశాడు. నా చుట్టూ తిరిగాడు, మట్టిలో కూరుకుపోయిన చక్రం నట్టు మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. ఇటుకల మాట మరిచిపోయి నన్ను కొనుక్కున్నాడు. ఆ ఇంటికి ఈనాటికీ ప్రహరీ లేదు.

నన్ను ఇంకో లారీ మీదికి ఎక్కించి ఏలూరు తీసుకెళ్ళారు. ఒక లారీ ఇంకో లారీ నెత్తినెక్కి ఊరేగడం కంటే తలవంపులు ఇంకోటి లేదు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. "వీరభద్రానికి అరవై దాటాక చాదస్తం పట్టిందర్రా" అన్నారు. ఆయన భార్య సుభాషిణి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "తులసికోటకి ఎండ తగలకుండా మాత్రం పెట్టకండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. పోట్లాటలు లేవు, అరుపులు లేవు. కూరల గురించి, కరెంటు గురించి, చుట్టాల పెళ్ళిళ్ళ గురించి బాగానే మాట్లాడుకునేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "పిల్లలెంతమందండీ?" అని అడిగితే మాత్రం ఆవిడ కాఫీ పెట్టడానికి లేచేది, ఆయన నా దగ్గరికి వచ్చేవాడు. కారణం నాకు మొదట తెలియదు.

దుకాణానికి వెళ్ళేముందు ఓ గంట, ఆదివారమైతే రోజంతా ఆయన నాతోనే. సుభానీ మేస్త్రి వచ్చి నా ఇంజిన్ చూసి పెదవి విరిచాడు. పిస్టన్లు లోపల తుప్పుపట్టి అతుక్కుపోయాయి. డీజిలూ ఆయిలూ కలిపి లోపల పోసి నానబెట్టమన్నాడు. "తొందరపడితే విరిగిపోద్ది సార్. దానంతటది వదలాలి" అన్నాడు. వీరభద్రం రోజూ పొద్దున్నే ఇనపరాడ్డు వేసి నొక్కి చూసేవాడు. నేను కదిలేదాన్ని కాదు. ఆయన కోప్పడేవాడూ కాదు, రాడ్డు తుడిచి పెట్టి దుకాణానికి పోయేవాడు. వేసవి పోయి వానలొచ్చాయి. ఒక పొద్దున నా లోపల వెంట్రుకవాసి కదిలింది.

"సుభా! కదిలింది! కదిలిందే!" అని కేకలు పెట్టాడు.

ఆవిడ అట్లపిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "కదిలితే ఏమవుద్దండీ ఇప్పుడు?"

"రేపు ఇంకొంచెం కదుల్తుంది."

"ఆహా, ఈ మాత్రానికా!" అంది కానీ, లోపలికి పోకుండా అక్కడే నిలబడి చూసింది.

ఆ తర్వాత నా సామాన్ల కోసం ఆయన తిరగని పాత ఇనుము కొట్టు లేదు. నా బరువు మోసే స్ప్రింగు కమాన్లు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ కట్టాడు. పోయిన మూతి జాలీ దుర్గారావు బట్టీలోనే కోళ్ళగూటికి తలుపై దొరికింది. కోళ్ళకు కొత్త తలుపు చేయించి ఇచ్చి నా జాలీ నాకు తెచ్చాడు. అంత న్యాయస్థుడు. ఈలోగా బెజవాడలో పాత బండ్ల సంఘం ఒకటుందని తెలిసి అందులో చేరాడు. వాళ్ళు ఏటా ప్రదర్శన పెడతారు. బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంటేనే బహుమతి. ఇక ఆయనకు అదే మంత్రమైంది. మస్తాన్ వలీ పెట్టించిన ఇత్తడి గంట తీసేశాడు. దుర్గారావు కట్టించిన రంగుల లైట్లు తీసేశాడు. ఏదైనా సరే, "కంపెనీలో ఇది లేదు" అనడం, విప్పి పక్కన పెట్టడం.

నుదురు వంతు వచ్చింది. ఏళ్ళ దుమ్మూ మసీ కడిగితే స్వప్న, సందీప్ బయటపడ్డారు. ఆ రంగు గీకితే షకీలా, జానీ. అందరికంటే అడుగున రాంబాబు, శేషుబాబు. ఒక్కొక్క పేరూ ఆయన పెదవి కదిపి చదివాడు. చదివాక కిందికి దిగి, బంపరు మీద కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా లేవలేదు. తిని వచ్చి, ఉప్పుకాగితంతో ఆ పలకను వట్టి చెక్క తేలేదాకా రుద్దాడు.

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీని మీద ఏ పేరూ లేదు" అన్నాడు, అక్కడ ఎవరూ లేకపోయినా.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు నాకు అసలు నుదురే లేదు కదయ్యా! క్యాబినే లేదు! ఇంత తెలిసిన మనిషికి ఆ ముక్క తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో.

ఆ సాయంత్రం నా కిందికి దూరి, వెల్లకిలా పడుకుని గ్రీజు కొడుతూ, నెమ్మదిగా అన్నాడు. "ఏమ్మా రత్తమ్మా, ఎక్కడమ్మా నొప్పి?" ముద్దుకు ఏదో పేరు పెట్టాడనుకున్నాను. రోజూ అదే పిలుపు. ఒకసారి నట్టు ఎంతకీ రాక, చెయ్యి చీరుకుపోయి, రక్తం తుడుచుకుంటూ, "మా అమ్మ పేరమ్మా అది. నా బిడ్డకి పెడదామనుకున్నాను. దానికి పెట్టే యోగం నాకు లేదు. ఆ మాటెత్తితే మా సుభా తట్టుకోలేదు" అన్నాడు. నా కింద అంత పెద్ద మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

మిగతా సగం సుభాషిణి చెప్పింది. ఆయన దుకాణంలో ఉన్న ఒక మధ్యాహ్నం, పాతచీర ముక్క తీసుకుని నా దుమ్ము తుడవడానికి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని ఎట్లాగో క్యాబిన్ ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చుని ఊపిరి తీసుకుంది. చుట్టూ చూసి ఎవరూ లేరని తేల్చుకుంది.

"నీతో ఆడినన్ని మాటలు ఆయన నాతో ఆడుంటే ఎంత బావుండేదే" అంది నాతో. "ముప్పై ఏళ్ళయింది. బారసాలకి ఉయ్యాల కూడా తెచ్చి పెట్టాం. బియ్యం పోసిన పళ్ళెంలో ఉంగరంతో పేరు రాస్తారు చూడూ, అప్పుడు ఆయన చెవిలో చెప్దామని నేనొక పేరు దాచుకున్నా. హరిచందన. ఇంకా రెండ్రోజులుందనగా జ్వరమొచ్చింది. పేరు లేకుండానే పోయింది నా తల్లి. పెద్దవాళ్ళు, పేరు పెట్టని పిల్లని తలుచుకోకూడదమ్మా అన్నారు. మళ్ళీ కడుపు పండలేదు. ఆయన మరిచిపోయాడు. పోనీలే, మరిచిపోయిన మనిషికి గుర్తుచేసి ఏడిపించడమెందుకని నేనూ ఊరుకున్నా."

చీర ముక్కతో కళ్ళు తుడుచుకుని, అదే ముక్కతో నా స్టీరింగు తుడిచి దిగి వెళ్ళింది.

చూశారా నా అవస్థ! ఒకే పిల్ల, రెండు పేర్లు. ఆయన మరిచిపోయాడని ఆవిడ అనుకుంటోంది. ఆ మాటెత్తితే ఆవిడ తట్టుకోలేదని ఆయన అనుకుంటున్నాడు. రెండు పేర్లూ తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్ని. నాకు నోరు లేదు. ఉన్న హారన్ కూడా అప్పటికి వైర్లు తెగి పడుంది. ఇంకెన్నాళ్ళుంటారు వీళ్ళిద్దరూ? ఈ మాట ఒకరితో ఒకరు అనుకోకుండానే పోతారేమో, అప్పుడు ఆ పిల్ల పేరు ఏ పాత ఇనుము కొట్టుకు పోతుందోనని నాకు దిగులు పట్టుకుంది. కలకత్తా రోడ్డు మీద బ్రేకులు ఫెయిలైన నాడు కూడా అంత దిగులు పడలేదు.

ఇంజిన్ స్టార్టయిన నాడు వీధిలో మిఠాయి పంచారు. నల్లటి పొగ ఒక్క తుమ్ము తుమ్మి, తర్వాత బుద్ధిగా తిరిగాను. ఇక రంగులు మిగిలాయి. ఆటోనగర్ నుంచి యేసుపాదం అనే పెయింటరును పిలిపించారు. జీవితమంతా లారీలకు రాతలు రాసిన చెయ్యి. వారంలో నన్ను ఆకుపచ్చగా మెరిపించాడు. ఆఖరున నిచ్చెనెక్కి, నా నుదుటి ముందు నిలబడి, కింద గ్రీజు కొడుతున్న వీరభద్రాన్ని కేకేశాడు.

"పేర్లేం రాయమంటారు సార్?"

"ఏం వద్దయ్యా. ఖాళీగా వదిలెయ్యి. కంపెనీలో ఏం లేదు."

"అదేంటండీ, నుదురు ఖాళీగానా? దిష్టి కొట్టేస్తాది సార్. మీ పిల్లల పేర్లు చెప్పండి, చక్కగా నీడలు దిద్ది రాసేస్తాను."

నా కింద గ్రీజుగన్ను చప్పుడు ఆగిపోయింది. టీ తెచ్చిన సుభాషిణి గ్లాసు పట్టుకుని నిలబడింది. మామూలుగా అయితే ఇప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"హరిచందన అని రాయి బాబూ" అంది.

"అమ్మాయిగారాండి?"

"ఆఁ. మా అమ్మాయి."

వీరభద్రం నా కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. చెంపకు గ్రీజు అంటుకుని ఉంది. "ఏం పేరది సుభా?"

"ఏం పేరేంటండీ. మన పిల్ల పేరు. బారసాల నాడు చెప్దామని దాచుకున్నా. మీరు మరిచిపోయారు, నేను మరవలేదు."

"ఎవరే మరిచిపోయింది?" ఆయన గ్రీజుగన్ను కింద పడేశాడు. "నేనా మరిచిపోయింది? దాని పేరు రత్తమ్మ కదే!"

"ఏంటీ?"

"రత్తమ్మ. మా అమ్మ పేరు."

సుభాషిణి టీ గ్లాసు నా బంపరు మీద ఠక్కున పెట్టింది. "రత్తమ్మా! నా కూతురికి రత్తమ్మ అని పేరు పెడతారా? బళ్ళో పిల్లలందరూ ఏడిపించి చంపరూ దాన్ని?"

"ఎవరేడిపిస్తారు? నేను వెళ్ళి అడగనూ?"

"అబ్బో, అడుగుతారు! మేస్టారు ఎదురొస్తే మీరే చేతులు కట్టుకుని నిలబడే రకం! నన్నొక్క మాట అడగకుండా ఖాయం చేసేశారా? కన్నది నేనండీ!"

"నువ్వు నన్నడిగావా? హరి... ఏమిటది, నోరు తిరగొద్దా?"

"రత్తమ్మ కంటే నయమే!"

అంత గట్టిగా వాళ్ళు అరుచుకోవడం నేనెన్నడూ వినలేదు. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. అరిచి అరిచి, ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. సుభాషిణి నా బంపరు మీద కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన పక్కన కూర్చుని, గ్రీజు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, తెల్లచొక్కాకే తుడుచుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ ఏడుపు ఇద్దరూ అక్కడే ఏడ్చారు. నేనూ ఏడ్చేదాన్నే, ఆ ముందు వారమే సుభానీ మేస్త్రి నా రేడియేటరు కారకుండా అతుకు వేసిపోయాడు.

యేసుపాదానికి సంగతి అర్థమైంది. నిచ్చెన మీదే తలవంచుకుని, తుడిచిన బ్రష్షే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఆఖరికి దగ్గి, "సార్, నుదురు వెడల్పుగానే ఉందండి. రెండూ పడతాయి" అన్నాడు.

"ముందు హరిచందన రాయి" అన్నాడు వీరభద్రం.

"కాదు బాబూ, పెద్దావిడ పేరు ముందుండాలి" అంది సుభాషిణి, ముక్కు తుడుచుకుంటూ.

దాని మీద మళ్ళీ కాసేపు నడిచింది. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. 'రత్తమ్మ – హరిచందన', పసుపు అక్షరాలు, ఎర్రటి నీడ. రంగు ఆరేదాకా ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఈగలు వాలకుండా కాపలా కాశారు.

బెజవాడ ప్రదర్శనలో బండ్లను పరీక్షించే కుర్రాయన నన్ను వంగి చూశాడు, నిక్కి చూశాడు, నా కిందికి టార్చి వేసి చూశాడు. "బండి బ్రహ్మాండం సార్. ఆ రాతలొక్కటే ఒరిజినల్ కాదు. అవి లేకపోతే ఫస్ట్ ప్రైజు మీదే" అన్నాడు. "మేం రాయించుకున్నవేనండీ. ఉండనివ్వండి" అన్నాడు వీరభద్రం. బహుమతి ఒక మిలటరీ జీపుకు పోయింది. దానికి నా అంత మూతి కూడా లేదు. న్యాయం ఎక్కడుంది చెప్పండి!

తిరుగుదారిలో హనుమాన్ జంక్షన్ దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు నా చుట్టూ మూగారు. అందులో నెరిసిన మీసాలాయన నా మూతి మీద చెయ్యి వేసి నిమిరాడు. తలెత్తి నా నుదురు చదివాడు.

"ఇద్దరూ ఆడపిల్లలేనాండి? ఏం చేస్తన్నారండి?"

నేను భయపడ్డాను. ఎప్పట్లా వీరభద్రం లేచి నా దగ్గరికి వచ్చేస్తాడనుకున్నాను, సుభాషిణి అటు తిరిగిపోతుందనుకున్నాను. వీరభద్రం భార్య వంక చూశాడు. ఆవిడా చూసింది.

"ఇద్దరు కాదండీ, ఒక్కతే" అన్నాడు వీరభద్రం. "పేరు దగ్గర మా ఇద్దరికీ కుదర్లేదు."

మీసాలాయన పకపకా నవ్వాడు. "అందరిళ్ళల్లో ఇదే గోలండి బాబూ! మా ఆవిడొకటి పిలుస్తాది, నేనొకటి పిలుస్తాను."

"మీరే చెప్పండన్నయ్యగారూ" అంది సుభాషిణి, కుర్చీ ఆయన వైపు జరుపుకుని. "ఆ రోజుల్లో ఏ ఆడపిల్లకైనా రత్తమ్మ అని పెట్టారా?"

వీరభద్రం టీ గ్లాసు కింద పెట్టి, తన వాదన మొదలుపెట్టాడు.